చెవి ఎవరిది?

కొండగట్టు కింద ముత్యంపేటలో నాది పదడుగులకు పన్నెండడుగుల గది. ముందర కుట్టు మిషను, వెనక మంచం. హనుమాన్ దీక్షల కాలంలో స్వాములకు కాషాయం బట్టలు కుడతాను. చాలా ఏళ్ళు ఆ గదిలో నడుమెత్తు స్పీకర్లు రెండుండేవి. పొద్దుపొద్దున్నే చాలీసా పెడితే రోడ్డు మీద బస్సు దిగినవాళ్ళకు కూడా వినపడాలి. అదే నా సేవ అనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో పక్క గదిలోకి ఒక తల్లీ కొడుకూ అద్దెకు దిగారు. మతి చెదిరినవాళ్ళు కొండ మీది హనుమంతస్వామి దగ్గర నలభై రోజులుంటే కుదుటపడతారని ఇక్కడి నమ్మకం. మూడోనాడు ఆమె గడప దగ్గర నిలబడి, "జర సౌండు తగ్గియ్యుండ్రి అన్నా. దేవుని పాటనే గాని, పిలగాడు చెవులు మూసుకొని గోడకు తల కొట్టుకుంటున్నడు" అన్నది.

స్వామిని నమ్ముకొని వచ్చిన పిల్లవాణ్ణి నేను పెట్టిన స్వామి పాటే బాధ పెట్టింది. మరి ఇన్నేళ్ళూ ఆ పాట ఎవరి కోసం పెట్టినట్టు?

భాగవతంలో ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తుల్లో మొదటిది శ్రవణం. దానికి పెద్దలు పరీక్షిత్తును చూపిస్తారు. ఏడు రోజుల్లో చావు ఖాయమని తెలిసి, గంగ ఒడ్డున కూర్చొని, శుకుణ్ణి తానే అడిగి విన్నాడు. ఎవరూ ఆయన చెవిలో పోయలేదు. రామకథ చెప్పే చోట హనుమంతుడి కోసం పీట వేసి ఉంచుతారు, ఆయన వచ్చి కూర్చొని వింటాడని. లోకమంతా ఆయన బలానికి మొక్కుతుంది. ఆ తల్లి నా గడప దగ్గర నిలబడిన రోజు నుంచి నేను ఆయన వినే గుణానికి మొక్కుతున్నాను.

ఇతరుల ప్రశాంతతను చెడగొడుతూ మైకుల్లో ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని 2000లో సుప్రీంకోర్టు చెన్నై చర్చి కేసులో అన్నది. ఆ ఏడాది వచ్చిన నిబంధనల్లోనే ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టారు. భక్తులకు ఈ మాట కోర్టు చెప్పవలసి రావడం నాకు బాధగా ఉంటుంది.

పెద్ద స్పీకర్ డబ్బాలు అమ్మేసి, జేబులో కొలతల టేపు పెట్టుకొని కరీంనగర్ పోయాను. దుకాణంలో అబ్బాయి గట్టిగా మోగించి చూపబోతే, వద్దని సన్నగా పెట్టమన్నాను. సన్నగా మోగినప్పుడు కూడా పాటలో మాట విడివిడిగా తెలియాలి, నాకు కావలసింది అంతే. ఐదంగుళాల ఊఫరున్న చిన్న జత తీసుకున్నాను. గాలి రంధ్రం ముందువైపే ఉన్నవి ఏరుకున్నాను, నా గదిలో డబ్బాలు గోడ దగ్గరే ఉండాలి గనుక. వెనక రంధ్రముంటే ధోలక్ దెబ్బ గోడకు తగిలి ఉబ్బుతుంది. పన్నెండడుగుల గదిలో సెకనుకు 47 కంపనాల దగ్గరి మోత ఎలాగూ గోడల మధ్య చిక్కుకుంటుంది. మూలకు నెడితే ఇంకా పెరుగుతుంది.

డబ్బాల మధ్య ఐదడుగులు, ఒక్కోదాని నుంచి నా స్టూలుకు ఐదడుగులు కొలిచాను. సన్న శబ్దం పలికే చిన్న కోన్లు నా చెవుల ఎత్తుకు వచ్చేలా ఇటుకలు పెట్టాను. కూర్చుంటే పాడే మనిషి ఎడమన లేడు, కుడిన లేడు. నడుమ, స్వామి క్యాలెండరు దగ్గర నిలబడి పాడుతున్నాడు. అక్కడ డబ్బా లేదు. మరి ఆ పాట ఎక్కడిది? శబ్దం నిత్యం, ధ్వని దాన్ని బయటపెడుతుందంతే అన్నారు మీమాంసకులు. కాదు, అది ఆకాశ గుణం, పుట్టి పోతుంది అన్నారు తార్కికులు. ఎవరిది నిజమో తేల్చేంత చదువు నాకు లేదు. కానీ స్టూలు మీంచి రెండడుగులు పక్కకు జరిగితే ఆ గాయకుడు నడుమ నుంచి లేచిపోయి దగ్గరి డబ్బాలో దూరుతున్నాడు. కూర్చొని చెవి ఇచ్చినవాడికే ఆయన అక్కడున్నాడు.

సాయంత్రం ఆ తల్లిని పిలిచి, వాళ్ళ గదిలోనే నిలబడి వినమన్నాను. కొంచెం కొంచెంగా పెంచాను. "ఇప్పుడు వినొస్తుందన్నా" అన్నది. వెనక్కి తిప్పాను. గోడకు చెవి ఆనించి, "ఇప్పుడు లేదు" అన్నది. నాబ్ ఆగిన చోట బట్టల సుద్దతో గీత గీశాను.