ఒకే కొలత ఇల్లు న్యాయమేనా?

సోషల్ క్లాసులో సమానత్వం పాఠం చెప్తూ సార్ ఒక ప్రశ్న వేశారు: "అందరికీ ఒకే రకంగా ఇస్తే సమానత్వం వచ్చినట్టేనా?" క్లాసంతా "అవును సార్" అన్నాం. నేను గట్టిగానే అన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే నా జవాబు మీద నాకే అనుమానం వచ్చింది.

మేము ఉండేది బెంగళూరులో, పేదల కోసం సర్కారు కట్టించిన బిల్డింగులో. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఒక హాలు, ఒక రూము, వంటిల్లు, బాత్‌రూము. మా తాత కాలంలో హిందూపురం వైపు నుంచి కూలి పనికి వచ్చినవాళ్ళం. ఇంట్లో ఏడుగురం: అవ్వ, నాయన, అమ్మ, అన్న, వదిన, చెల్లెలు, నేను. వదిన వచ్చాక రూము వాళ్ళకిచ్చేశాం. మిగతా అయిదుగురం హాల్లో పడుకుంటాం. తొమ్మిదిన్నరకు లైటు ఆర్పేస్తారు కాబట్టి నేను పుస్తకం తీసుకొని మెట్ల మీద కూర్చుంటా. పదో తరగతి కదా.

సరిగ్గా మా అంత ఇంట్లోనే, కింది అంతస్తులో, అజ్జి ఒక్కతే ఉంటుంది. భర్త పోయాడు. కూతుళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి.

సర్కారు ఇళ్ళకు కొలత ఎలా పెడతారో సార్‌ను అడిగి తెలుసుకున్నాను. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో బాగా పేదవాళ్ళ ఇల్లు 30 చదరపు మీటర్ల వరకు. ముగ్గురుంటే మనిషికి 10 మీటర్లు, ఏడుగురుంటే నాలుగుకు కాస్త ఎక్కువ. ఆ పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. మా అన్న వేరే కుటుంబం కింద వస్తాడు, అది బాగానే ఉంది. కానీ అవ్వ ఏ కుటుంబం? మా నాయనను పెంచిన మనిషి మా లెక్కలో లేదు.

ఆంధ్రాలో టిడ్కో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులని మూడు రకాలు. పెద్ద ఇల్లు ఎక్కువ మంది ఉన్నవాళ్ళకు అనుకున్నాను. కాదట, ఎక్కువ డబ్బు కట్టుకోగలిగినవాళ్ళకు. తెలంగాణలో డబుల్ బెడ్రూం ఇల్లు 560 అడుగులు, అందరికీ ఒకటే. హైదరాబాదులో 2023లో వాటిని డ్రా తీసి పంచారు. డ్రాలో సిఫారసు పనిచేయదు, అది మంచిదే. కానీ డ్రాకు మోకాళ్ళు కనిపించవు.

ఈ మాట నాయనతో అంటే నవ్వాడు. "తలలు లెక్కపెట్టి ఇస్తామంటే సర్వే రోజు ఊరంతా మన ఇంట్లోనే ఉంటుంది రా" అన్నాడు. అదీ నిజమే.

ఇంగ్లండులో తలలే కాదు, వయసులు కూడా లెక్కపెడతారు. దంపతులకు ఒక రూము, పదహారు దాటినవాళ్ళకు తలా ఒకటి. పదేళ్ళు దాటిన అన్నాచెల్లెళ్ళను ఒకే రూములో లెక్కించరు. ఆ లెక్కన మాకు అయిదు రూములు రావాలి! చెల్లెలికి చెప్తే, "నాది కిటికీ ఉన్న రూము" అంది. కానీ అదే దేశంలో 2013 ఏప్రిల్ నుంచి, సర్కారు ఇంట్లో ఒక రూము ఎక్కువుంటే అద్దెలో 14 శాతం, రెండుంటే 25 శాతం మేరకు అద్దె సాయంలో కోత పెట్టారు. ముసలివాళ్ళను వదిలేశారు గానీ, పిల్లలు పెళ్ళయి వెళ్ళిపోయిన నడివయసు వాళ్ళు డబ్బయినా కట్టాలి, ఇల్లయినా మారాలి.

అది విన్నప్పుడు, సిగ్గు లేకుండా చెప్తున్నా, నాకు మొదట సంతోషమే వేసింది. అజ్జి ఇల్లు మాకు, మా ఇల్లు అజ్జికి అని మనసులో మార్చేశాను. అవ్వకు మోకాళ్ళ నొప్పి. కిందికి దిగి నెల దాటింది. అంగవైకల్యం ఉన్నవాళ్ళకు, ముసలివాళ్ళకు కింది అంతస్తు ముందుగా ఇవ్వాలని ఆవాస్ యోజన నియమాల్లోనూ ఉంది. అయితే మాకు ఇల్లు ఇచ్చిన రోజు అవ్వ బిందె ఎత్తుకొని చకచకా పైకి ఎక్కిందట. ఇల్లు ఒక్కసారే ఇస్తారు, మనిషి ఆ తర్వాత కూడా ముసలవుతాడు.

అమ్మ వద్దన్నా వినకుండా ఒకరోజు అజ్జినే అడిగాను. అజ్జి కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ గడప దగ్గరే మా ఆయన్ని పడుకోబెట్టి తీసుకుపోయినారు మగా. పోనీ, మూడో అంతస్తు ఎక్కేదానికి నావి మాత్రం మోకాళ్ళు కావా?" అంది.

ఆ మాట నాకు తట్టనే లేదు. అజ్జి ఇంట్లో ఒక్కతే ఉందని లెక్కపెట్టాను గానీ అజ్జి వయసు లెక్కపెట్టలేదు. నేను చేసింది కూడా సర్కారు లెక్కే.

ఇల్లు పంచేటప్పుడు కొలతతో పాటు ఎవరు నడవగలరు, ఎవరు నడవలేరు అని చూడాలని ఇప్పుడు నాకనిపిస్తుంది. అయిదేళ్ళకోసారి మళ్ళీ అడగాలి. ఇద్దరికీ ఇష్టమైతే ఇళ్ళు మార్చుకోనివ్వాలి, ఇష్టం లేనివాళ్ళను కదపకూడదు. అప్పటికీ మా హాల్లో అయిదుగురం పడుకుంటూనే ఉంటాం, దానికి పెద్ద ఇళ్ళు కట్టడం తప్ప వేరే దారి లేదు.

వారం తర్వాత అజ్జే పైకి కబురు పంపింది, పగలు అవ్వను తన దగ్గర కూర్చోబెట్టమని. ఇప్పుడు నాయన, అన్న పనికి పోయే ముందు అవ్వను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించుతారు, రాత్రి ఎత్తుకొస్తారు. కరెంటు పోయిన రోజు మెట్లు చీకటి కాబట్టి అవ్వ అక్కడే పడుకుంటుంది. పొద్దున పాల ప్యాకెట్టు ఇవ్వడానికి వెళ్తే ఇద్దరూ టీవీ సౌండు గురించి కొట్లాడుకుంటున్నారు.