ప్రతి ముక్కకూ ఒక పువ్వు

“తినేదానికి ఇంత సింగారమెందుకు బిడ్డా?”

మా పెద్దమ్మ అడిగిన మాట ఇది. ఎగతాళికి అనలేదు. బైబిలు అధ్యాయాలకు అధ్యాయాలు నోటికొచ్చిన మనిషి ఆమె. “కోస్తరు, తింటరు, పావుగంటల ఖతమైతది. దానికోసం నువ్వు రాత్రంత మెడ వంచుకొని పూలు గీసుడేంది? సింగారం బయటిది కాదు, లోపలిదని పేతురు రాయలేదా?” అంది.

పైకి కేకు గురించిన ప్రశ్నలాగే ఉంటుంది. లోతుకు దిగితే చాలా పాతది: ఆకలి ఉన్న లోకంలో అందం కోసం శ్రమపడే చెయ్యి దేవుని ముందు తప్పు చేస్తున్నట్టా? డోర్నకల్‌లో ఇంట్లో కేకులు చేసి బతుకుతున్నదాన్ని, ఈ ప్రశ్నను దాటవేసి మళ్లీ పైపింగ్ బ్యాగు పట్టుకోలేను. ఏళ్లుగా మనసులో నలిగిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పని ఎలాంటిదో చెప్పాలి. నేను మొదట దర్జీని. జాకెట్లు కుట్టేదాన్ని, తర్వాత మగ్గం వర్కు నేర్చుకున్నాను, కేకులు ఆ తర్వాత వచ్చాయి. అందుకే నా కేకుల మీద కనిపించేవన్నీ బట్టల మీది డిజైన్లే. మగ్గం పనిలో బటర్ పేపర్ మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పొడిని దాని మీద రుద్దుతాం. కాగితం ఎత్తితే బట్ట మీద చుక్కల్లో పువ్వు దిగి ఉంటుంది. కేకుకూ అదే కాగితం, అవే చిల్లులు. పొడి మాత్రం కోకో. ఆరిన ఐసింగ్ మీద అద్దితే చుక్కలు పడతాయి, వాటి వెంట సన్నని నాజిల్‌తో జర్దోసీ తీగలాగా మెలి తిప్పుకుంటూ పోతాను.

పోచంపల్లి ఇక్కత్ కావాలంటే పద్ధతి వేరు. ఇక్కత్‌లో నూలును నేతకు ముందే కట్లు కట్టి రంగులో ముంచుతారు. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి కనుక రంగుల అంచులు చెమ్మ పట్టినట్టు మెత్తగా ఒకదానిలోకి ఒకటి పాకుతాయి. ఆ మెత్తదనం రావాలంటే తడి ఐసింగ్ మీద రెండు రంగుల గీతలు గీసి, అవి బిగుసుకోకముందే టూత్‌పిక్ కొసతో అడ్డంగా లాగాలి. మా ఊరి ఎండాకాలంలో క్రీమ్ నిలవదు కాబట్టి ఇదంతా తెల్లవారకముందే అయిపోవాలి. పెద్దమ్మ చూసిన రాత్రులు అవే.

పేతురు మాటను నేను తేలిగ్గా తీసుకోను. జడల అల్లిక, బంగారం, పట్టుబట్ట మనిషి మంచితనానికి బదులుగా వచ్చి నిలబడితే అది మోసమే. అయితే అదే బైబిల్లో నిర్గమకాండం కూడా ఉంది. 28వ అధ్యాయంలో ప్రధాన యాజకుడు అహరోను వేసుకోవలసిన నిలువుటంగీ గురించి దేవుడు చెప్పిన వివరాలు చదివితే, మాలాంటి కుట్టుపనివాళ్ల కళ్లు పెద్దవవుతాయి. అంగీ అంచు చుట్టూ నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలుతో దానిమ్మపండ్లు, వాటి మధ్య బంగారు గంటలు. ఒక గంట, ఒక దానిమ్మపండు, మళ్లీ గంట, మళ్లీ దానిమ్మపండు. అంచు డిజైన్‌ను వరసతో సహా చెప్పాడు. 31వ అధ్యాయంలో బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపానంటాడు. అంతటి మాట పడ్డ ఆ మనిషి చేసే పని చెక్కడం, రాళ్లు పొదగడం, లోహాన్ని మలచడం. అతనికి తోడు ఇచ్చిన అహోలీయాబు నేతలో, బుటాపనిలో ఆరితేరినవాడు. దేవుని ఆరాధన గుడారానికి నూలు వడికి తెచ్చింది ఆడవాళ్లు. మగ్గం చట్రం ముందు కూర్చునే ప్రతి ఆడపిల్లకూ ఈ అధ్యాయాలు చదివి వినిపించాలని నాకు ఉంటుంది.

కానీ ఆ అధ్యాయాల మధ్యలోనే 32వది ఉంది. అక్కడ అదే జనం చెవిపోగులు తీసి ఇస్తే బంగారు దూడ తయారైంది. ఆ మనుషులే, ఆ బంగారమే. గుడారం అలంకారం తనను దాటి మరొకరి వైపు చూపించింది. దూడ అలంకారం తనకే మొక్కమంది. నా పనిలో ఈ తేడాను కళ్లారా చూస్తుంటాను. పెద్ద పెళ్లిళ్లలో అయిదంతస్తుల కేకు నిలబెడతారు. అందులో చాలాసార్లు ఒకటో రెండో అంతస్తులే తినేవి, మిగిలినవి థర్మోకోల్ దిమ్మెలు. వాటి మీద ఫాండెంట్ పరిచి, ముత్యాలు అతికించి, పూలు దిద్దుతారు. ఫొటోలయ్యాక ఆ దిమ్మెలు వెనక్కి వెళ్లిపోతాయి. ఆకలైనవాడికి ఆ అంతస్తులు ఒక్క ముద్ద పెట్టలేవు. చూసి మెచ్చుకోవడమే తప్ప వాటితో మరే పనీ లేదు. ఎంత డబ్బిచ్చినా నేను థర్మోకోల్‌కు సింగారం చెయ్యను. నా లెక్కలో అది దూడ.

మరి తినే కేకుకు ఎందుకు చెయ్యాలి? పావుగంటలో పోయేదే కదా? దీనికి జవాబు నాకు మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో దొరికింది. బట్టల గురించి చింతపడేవాళ్లకు యేసు అడవిపువ్వులను చూపించి, సొలొమోను రాజు తన వైభవమంతటితోనూ వాటిలో ఒకదానికి సాటి రాలేదంటాడు. అందరికీ గుర్తుండేది అంతవరకే. ఆ వెంటనే, ఆ పువ్వు పూసేది ఈరోజు ఉండి రేపు పొయ్యిలో పడే గడ్డికి అంటాడు. చిన్నప్పటి నుంచి విన్న ఆ వాక్యం ఓవెన్ ముందు నిలబడి పనిచేయడం మొదలుపెట్టాకే నాకు పూర్తిగా అర్థమైంది. రేపు పొయ్యిలోకి పోతుందని తెలిసీ దేవుడు గడ్డిని అలంకరిస్తాడు. ఎన్నాళ్లుంటుందో చూసి, దాన్ని బట్టి అందాన్ని కొలిచి ఇవ్వడు. తొందరగా పోయేదానికి అందం దండగ అనుకునేది మనమే.

మా ఓరుగల్లు సీమ ఆడవాళ్లకు ఇది బైబిలు చదవకముందే తెలుసు. గునుగుపూలకు రంగులద్ది, తంగేడు, బంతి వరసలు వరసలుగా తాంబాలంలో పేర్చి, గోపురంలా ఎత్తి, సాయంత్రానికి బతుకమ్మను చెరువులో వదులుతారు. నీళ్లలో కలిసిపోయేదని ఎవరూ ఒక వరస తక్కువ పేర్చరు.

ఇంతవరకు చెప్పింది అలంకారం తప్పు కాదని. అది కొందరికి అవసరమని కూడా నేను నమ్ముతాను. ఆ నమ్మకం నాకు మా ఊరి కెథెడ్రల్ నుంచి వచ్చింది.

డోర్నకల్ పేరు రైలు ప్రయాణికులకు జంక్షన్‌గా తెలుసు. క్రైస్తవులకు బిషప్ అజరయ్య వల్ల తెలుసు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన పుట్టింది 1874లో, తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలైలో, నాడార్ కుటుంబంలో. పక్కనున్న ట్రావన్‌కోర్ సంస్థానంలో నాడార్ స్త్రీలు రొమ్ము మీద బట్ట వేసుకోకూడదనే ఆంక్ష ఉండేది. దశాబ్దాల పోరాటం తర్వాత 1859లో రాజు కప్పుకోవచ్చని ప్రకటన ఇచ్చాడు. అందులోనూ, పై కులాల ఆడవాళ్ల తీరులో కట్టుకోరాదన్న షరతు మిగిలింది. ఒంటిని కప్పుకోవచ్చు గానీ అందంగా కప్పుకోకూడదన్నమాట. ఆ ప్రకటన వచ్చిన 15 ఏళ్లకు పుట్టినవాడు అజరయ్య.

ఆయన ఇక్కడికొచ్చి ఎక్కువగా సేవ చేసింది మాల, మాదిగ పల్లెల్లో. మోకాలి కిందికి పంచె దిగినా, దొర గడీ ముందు చెప్పులేసుకొని నడిచినా నేరమైన కాలం అది. మా ముత్తాతలు ఆ కాలపు మనుషులే. గుళ్లోకి రానివ్వరు, మంచి బట్ట కట్టనివ్వరు. అలాంటివాళ్ల కోసం ఆయన బడులు పెట్టారు, వాళ్లలోంచి పాస్టర్లను తయారుచేశారు. నాలుగు గోడలు లేపి పైన రేకులేసినా ప్రార్థన జరిగేది. అయినా ఏళ్ల తరబడి ఓపిక పట్టి ఎపిఫనీ కెథెడ్రల్ కట్టించారు. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. మసీదులను తలపించే గుమ్మటాలు, మినార్లు. లోపల గుడి మండపంలోలాగా రాతి స్తంభాలు. ఈ నేల మీద ఇరుగుపొరుగు తమ దేవుళ్ల కోసం తీర్చిదిద్దుకున్న నమూనాలను గౌరవంగా తీసుకొని క్రీస్తు ముందు పెట్టారు. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన పండుగ పేరే ఆ గుడికి ఉంది. ఎక్కడెక్కడి అందమూ పసివాడైన యేసు ముందుకు రావచ్చని చెప్పే పండుగ అది.

అందం నిరాకరించబడిన మనిషికి అందం ఇవ్వడం పొగరు నేర్పడం అవుతుందా? వంగిన అతని నడుమును నిటారుగా నిలబెట్టే పని అది. పేతురు మాట నగలతో బరువెక్కిన మెడలకు చెప్పింది. ఏనాడూ పూసదండ వేసుకోనివ్వని మెడకు దాన్ని ఆంక్షగా తగిలిస్తే ఆ మాటకు అన్యాయం చేసినట్టే.

పక్క తండా నుంచి వచ్చిన ఒక చెల్లె నాకు ఇది మళ్లీ చూపించింది. మిర్చి ఏరే కూలీకి పోయే మనిషి. “అక్కా, పాప పుట్టినరోజుకు మా కాంచళి లెక్క కేకు చేస్తవా?” అంటూ వాళ్ల అమ్మ కుట్టుకున్న కాంచళి రవికను పాత చీరముక్కలో చుట్టుకొని తెచ్చింది. ఎర్రటి నేల, అద్దాలు, గవ్వలు, చుట్టూ గళ్లుగళ్లుగా దారపు పని. ఏ పట్టీ తర్వాత ఏ పట్టీ వస్తుందో, అద్దం చుట్టూ దారం ఎటు నుంచి ఎటు తిరుగుతుందో ఆమె నా పక్కన కూర్చొని చెప్పింది. ఆమె వివరించాకే గీశాను. చక్కెర కరిగించి పలచగా పోసి, గడ్డకట్టాక పగలగొట్టి అద్దాలు చేశాను. గవ్వలు ఫాండెంట్‌తో. “ఇది లంబాడీల కుట్టు, మా తండాది” అని పుట్టినరోజుకు వచ్చినవాళ్లందరికీ ఆమే చెప్పింది. నమూనా అప్పు తెచ్చుకున్నవాళ్ల మీద ఉండే బాధ్యత అదే: అది ఎవరిదో చెప్పడం, వాళ్ల నోటితో చెప్పించడం. పోచంపల్లి వరసలు గీసేటప్పుడు నాకు చింతకింది మల్లేశం గారి తల్లి గుర్తొస్తుంది. చీర నమూనా కోసం నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోసీ పోసీ ఆమె భుజాలు పడిన నొప్పి చూసే ఆయన ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ప్రతి నమూనా వెనక ఒకరి భుజం ఉంటుంది.

అలంకారం అందరిదీ కావాలంటే చివరి పరీక్ష కత్తి పెట్టినప్పుడే. కొరింథీ సంఘంలో ప్రభువు బల్ల దగ్గర కలిగినవాళ్లు ముందే కడుపు నింపుకుంటే లేనివాళ్లు ఆకలితో మిగిలారని పౌలు కోప్పడ్డాడు. ఫ్రాన్స్‌లో, మా కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగిన ఆ జనవరి 6 పండుగకే, రాజుల కేకు అని ఒకటి చేస్తారు. పొరలు పొరలుగా వచ్చే పిండి మీద కాల్చకముందే చాకు కొసతో సూర్యకిరణాలో గోధుమ కంకులో గీస్తారు. దాన్ని కోసేటప్పుడు, గడప తొక్కే పేదవాడి కోసమని ఒక ముక్క అదనంగా కోసి పెట్టడం అక్కడి పాత ఆచారం. ఇంటికి ఎవరొస్తారో తెలియకముందే కంకి గీతలో అతని వాటా కూడా గీసి ఉంటుంది.

నేను చీర అంచులను, జాకెట్ చేతుల పట్టీలను కేకు మీదికి తేవడానికి అసలు కారణం ఇదే. కేకు నడుమ ఒక్క పెద్ద గులాబీ పెడితే అది ఒక్కరి ప్లేటులోకే పోతుంది. ఎవరి ప్లేటులోకో మనకు తెలుసు: ఇంటి పెద్దకు, వచ్చిన ఆఫీసరుకు, డబ్బిచ్చిన మేనమామకు. పనిమనిషి బిడ్డకు అడుగు స్పాంజి ముక్క అందుతుంది. అంచు డిజైన్ అలా కాదు. జానెడు కోసినా, మూరెడు కోసినా అందులో మొత్తం నమూనా ఉంటుంది. అహరోను అంగీ చుట్టూ గంట, దానిమ్మ, గంట, దానిమ్మ వచ్చినట్టు కేకు చుట్టూ అదే పువ్వు తిరిగి తిరిగి రావాలి. అప్పుడు ఆఖరున వరసలో నిలబడ్డ పిల్లాడికీ పువ్వు దక్కుతుంది. ఆ పిల్లాడికి పువ్వు దక్కని కేకు ఎంత అందంగా ఉన్నా, నా దృష్టిలో దాని అలంకారం సగంలోనే ఆగిపోయింది.

పెద్దమ్మకు నేను చెప్పిన జవాబు ఇదే. ఆమె ఒప్పుకుందో లేదో ఆమెకూ దేవునికీ తెలియాలి. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు మాత్రం మొదటి పాఠంగా దీన్నే చెబుతున్నాను. ఆర్డర్ వచ్చినప్పుడు రంగు ఏది, థీమ్ ఏది అని తర్వాత అడగండి. ముందు ఎంతమంది తింటారో అడగండి. వంట చేసేవాళ్లను, టెంటు వేసేవాళ్లను, గేటు దగ్గర కూర్చునే తాతను కూడా ఆ లెక్కలో కలపండి. అన్ని ముక్కలకూ సరిపడా పువ్వులు వేయగలమని తేలాకే కాగితం మీద మొదటి గీత గీయండి.