చెట్టు ఋణం – చేతి ధర్మం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు పట్టణం. రైల్వే కొలువుల నిమిత్తం అక్కడికి తరలివెళ్లి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆ ఊరి దయాల్‌బంద్ వంటి పేటలో పదవీ విరమణ చేసిన ఒక మనిషి, ఇంటి వసారాలో పనిబల్ల వేసుకుని, ఉలీ చిత్రికా చేతబట్టి, ఒక కుర్చీనో, గోడకు తగిలించే చెక్క నగిషీనో చేస్తున్నాడనుకుందాం. చూసేవారికి అది నిర్దోషమైన వ్యాసంగంగా తోస్తుంది. అందులో యంత్రం లేదు, పొగ లేదు, ఇతరుల శ్రమను దోచుకోవడం లేదు. అయితే చేతితో చేసినంత మాత్రాన ఒక వస్తువు ధర్మసమ్మతమవుతుందా?

ఆ పట్టణ చరిత్రే ఈ సందేహాన్ని బలపరుస్తుంది. మనం గుగ్గిలమని పిలిచే సాలవృక్షం ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం. చెదకూ వానకూ లొంగని దాని చేవ రైలు పట్టాల కింద స్లీపర్లుగా పరచడానికి అనువైనది. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో అడవులలో చెట్లను కూల్చినది గొడ్డలి, కోసినది చేతిరంపం. ఆ చేతులలో నైపుణ్యానికి కొదవ లేదు. అయినప్పటికీ అడవికి ఒరిగిందేమీ లేదు. కనుక దోషం యంత్రంలోనే ఉన్నదని, పుణ్యం చేతిలోనే ఉన్నదని తీర్మానించడం తొందరపాటు.

మన పూర్వులు ఈ చిక్కును గుర్తించకపోలేదు. ఆరవ శతాబ్దినాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమల కోసం చెట్టు కొట్టే విధిని ప్రత్యేకంగా ఒక అధ్యాయంలో వివరించాడు. చెట్టును కొట్టడానికి ముందు దానిని పూజించి, దానిపై నివసించే భూతాలను మరొక చోటికి తరలవలసిందిగా వేడుకోవాలి. దీనిని మూఢవిశ్వాసమని తోసిపుచ్చవచ్చు. కాని అందులోని నైతిక భావన స్పష్టమే: చెట్టు ఊరక పడి ఉన్న సరుకు కాదు, తీసుకునేవాడు అడిగి తీసుకోవాలి.

అడిగి తీసుకున్నదానిని తిరిగి చెల్లించడమెలా? జె.సి. కుమారప్ప 1945 నాటి తన శాశ్వత ఆర్థిక వ్యవస్థ అనే గ్రంథంలో ఇందుకొక కొలమానం చూపాడు. బొగ్గు, పెట్రోలియం వంటివి తవ్వినకొద్దీ తరిగే నిల్వలు. అడవి కలప అలా కాదు. పెరిగినంత మేరకే వాడుకుంటే అది తరగదు. ఈ సూత్రాన్ని వడ్రంగి బల్ల దగ్గరకు తెస్తే, చెట్టు చేవ తేరడానికి పట్టినంత కాలమైనా వస్తువు నిలవాలి. కుసి తీసి, బెజ్జంలో బిగువుగా కూర్చిన కాలు వదులైతే విప్పి మళ్లీ బిగించవచ్చు. కంటికి కనబడని వెనుక పలకలో నాసిరకం చెక్క వేసి, పైన మెరుగు పూసిన బీరువా కొన్నవానినే కాదు, చెట్టును కూడా మోసగిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. కుర్చీకి ప్రయోజనం ఉన్నది. అలంకార వస్తువుకు ఏమున్నది? బొమ్మ కోసం చెట్టు కొట్టడం దుర్వ్యయం కాదా? దీనికి మన కొండపల్లి, ఏటికొప్పాకలే సమాధానం చెబుతాయి. కొండపల్లి బొమ్మకు వాడే తెల్లపొణికి తేలికైన మెత్తని కర్ర. దూలానికో ద్వారబంధానికో పనికిరాదు. ఏటికొప్పాకలో తరిమెన పట్టి, లక్క పూసే అంకుడు చిన్న చెట్టు. నరికిన మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. చిన్న కర్రకు చిన్న పనిని ఎంచిన వివేకం ఆ వృత్తులలో ఉన్నది. ఆనందం కూడా మనిషి అవసరమే. దానికి పెట్టే వెల మితంగా ఉండాలి.

అయితే ఈ ధర్మభారమంతా కళాకారునిపై మోపడం న్యాయమా? నేటి కూలి నేడే కావలసినవానికి, మనుమల కోసం మొక్క నాటమని చెప్పడం సులభమైన నీతి. పొణికి కర్ర కొరత కొండపల్లి కళాకారులను బాధిస్తూనే ఉన్నది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ సహజ రంగులను పునరుద్ధరించిన సి.వి. రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఆ బొమ్మలే ఆంధ్రప్రదేశ్ శకటమై ఢిల్లీ వీధిన నడిచాయి. ఇవి హర్షించదగినవే. కాని కళను గౌరవించే ప్రభుత్వం ఆ కళకు ఆధారమైన చెట్టును పెంచకపోతే, ఆ గౌరవం వేరు ఎండిన మానుకు తోరణం కట్టడమే అవుతుంది.

కనుక ఈ ఋణాన్ని ముగ్గురు పంచుకోవాలి. చెట్టును పెంచడం ప్రభుత్వానిది, సమాజానిది. చాటు పనిలోనూ నిజాయితీ పాటించడం చేసేవానిది. తగిన వెల ఇచ్చి, విరిగినప్పుడు పారవేయక బాగుచేయించుకోవడం కొనేవానిది. ఇంట్లో పనిచేసేవానికి మాత్రం ఒక ప్రత్యేకత ఉన్నది. అతను చేసిన పీటపై అతని పిల్లలే కూర్చుంటారు. పని బిగువు తప్పితే ఆ చప్పుడు మొదట వినవలసినదీ అతనే, ఉలి తీసి సరిచేయవలసినదీ అతనే.