నేఁటి మర్యాద, రేపటి హాస్యము

పూర్వుల యాచారములను గూర్చి విన్నప్పుడు మనకు నవ్వు వచ్చును. బుద్ధిమంతులు వీని నెట్లు సహించిరని యాశ్చర్యపడుదుము. ఆ నవ్వునందు మన గొప్పతన మెంత గలదో విచారింపవలసి యున్నది.

కన్యాశుల్కమునే తీసికొందము. విజయనగర మహారాజుగారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణుల యిండ్లలో మూడేండ్లయందు జరిగిన శుల్కవివాహములను లెక్క వ్రాయించిరి. గురజాడ అప్పారావుగారు 1897 సంవత్సరమున తమ నాటకమునకు వ్రాసిన పీఠికలో నా లెక్కను దెలిపిరి. వివాహములు 1034. వధువులలో 99 మంది యయిదేండ్లవారు. ముగ్గురు ఏఁడాది శిశువులు. ఆ శిశువుల వెల 350 మొదలు 400 రూపాయల వఱకు!

ఆ తండ్రు లందఱును క్రూరులా? కారు. స్నానసంధ్యలు తప్పనివారు, అతిథిని ఆదరించువారు, బిడ్డకు జ్వరము వచ్చిన నిద్ర మానువారు. ఇరుగుపొరుగు చేయుపనినే తామును జేసిరి. దోషము చిన్నదగుటచేఁ గాదు, అందఱును జేయుటచేతనే యది వారి కన్నులకుఁ గనఁబడలేదు.

మఱి యాచారము నవ్వులపాలగు టెప్పుడు? వితంతు వివాహమునకు 1856 లోనే శాసన మనుమతి నిచ్చెను. కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11 వ తేదీన. నడుమ నిరువదియైదేండ్లు గడచెను! శాసనము త్రోవ చూపును. నడచుటకు మనుష్యులు కావలెను. నడచినవారిని వెలివేసిరి. అయినను ఆకాశము విఱిగి పడలేదు; వానలు కురియక మానలేదు. మీఱినచో లోకము చెడునను భయమే యాచారమునకుఁ బ్రాణము. మీఱినను చెడకుండుటను జనులు చూచిననాఁ డా ప్రాణము పోవును. మిగిలిన డొల్లను జూచి మనుమలు నవ్వుదురు.

కన్యాశుల్కముఁ జూచి నవ్వు మనమో, వరకట్నము నిచ్చిపుచ్చుకొనుచునే యున్నాము. 1961 లో నిషేధ శాసనము వచ్చెను. బేరము మాత్రము మానలేదు. నాఁడు పిల్లకు వెల, నేఁడు పిల్లవాని చదువునకు, ఉద్యోగమునకు వెల. దానిని వెల యని యెవ్వరు ననరు. లాంఛన మందురు, మర్యాద యందురు.

మనుమలు నవ్వువఱకు మనము వేచియుండ నక్కఱలేదు. ఆచారము మంచిచెడ్డలను లాభము పొందువారి నడిగినఁ జాలదు. భారము మోయువారి నడుగవలెను. ఒక్క పక్షము మాట విని యే న్యాయాధిపతియుఁ దీర్పు చెప్పఁడు గదా! చదువరులారా, మీ చావడిలో కట్నపు మాటలు సాగుచుండఁగా, తలుపుచాటున నిలిచి మీ కూఁతురు వినుచున్నది. ముందుగా నామె సాక్ష్యమును దీసికొనుఁడు.