కిర్రుమను బల్ల



మన భద్రాచల ప్రాంతపు పల్లెలలో నేల మట్టితో అలికినదో, బండలు పరచినదో, సిమెంటు చేసినదో అయియుండును. కాలిక్రింద చెక్కనేల మనకు అలవాటు లేదు. అయినను పాత పెంకుటిండ్లలో తలమీద ఒక చెక్కనేల కలదు. అదే అటక. దూలములమీద బల్లలు పరచిన ఆ అటకమీదనే విత్తనపు మూటలు, మిరపకాయల బస్తాలు, పెండ్లినాటి ట్రంకుపెట్టె ఉండును. గోదావరి ఊరిలోనికి వచ్చినపుడు చేతికందిన సామానెల్ల దానిమీదికే ఎక్కింతుము. భద్రాచలమువద్ద నది 1986 ఆగస్టులో 75.6 అడుగులకు లేచెను. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చెను. అంతటి నీటికి అటకలే మునిగిపోవు ఇండ్లుండును. అయితే మోకాలిలోతు నీరు నిలిచిన ఇంటిలో గింజలను కాపాడునది అటకయే. ఆ రాత్రి బల్ల విరిగినచో ఏమగునో మీకు చెప్పనక్కరలేదు.

కావున అటక ఎక్కినపుడు బల్ల కిర్రుమన్నచో మనమేమి చేయుచున్నామో ఆలోచింతము.

ముందుగా, అది ఎందుకు కిర్రుమనును? చెట్టునుండి కోసిన తరువాతకూడ చెక్క తేమను పీల్చుట మానదు. వానకాలములో ఉబ్బును, వేసవిలో ఎండి ముడుచుకొనును. పొడవున అంతగా మారదు గాని వెడల్పున మారును. ఏటేట ఇట్లు ఉబ్బుచు ముడుచుకొనుచు ఉండుటవలన మేకుల పట్టు సడలును. బల్లకును దూలమునకును నడుమ వెంట్రుకవాసి సందు ఏర్పడును. మనము అడుగు పెట్టగానే బల్ల ఆ సందులోనికి దిగును. అడుగు తీయగానే మేకును రాసికొనుచు లేచును. ఆ రాపిడియే మనకు వినబడు చప్పుడు.

దీనికి రెండు ఉపాయములున్నవి. మొదటిది సులభము. బల్లల సందులలో బలపపు పొడి చల్లుట, లేక పైన గోనెపట్ట పరచుట. రాపిడి నునుపై చప్పుడు ఆగును. అయితే మేకు వదులుగానే యుండును. సందు సందుగానే యుండును. రెండవదానికి కొంత ఓపిక కావలెను. ఒకరు పైన మెల్లగా నడువవలెను. మరియొకరు దీపము పట్టుకొని క్రిందనుండి చూడవలెను. కదిలినచోట సుద్దతో గుర్తు పెట్టవలెను. సందున్నచోట పలుచని చెక్కచీలికను మెల్లగా దూర్చవలెను. సుత్తితో గట్టిగా కొట్టినచో బల్ల పైకి లేచి ప్రక్కబల్లలుకూడ వదులగును. సడలిన పాత మేకునే మరల అదే రంధ్రములో కొట్టిన ప్రయోజనము లేదు. ప్రక్కగా సన్నని రంధ్రము తొలిచి స్క్రూ బిగించినచో అది బల్లను దూలమునకు దగ్గరగా లాగి పట్టుకొనును. దూలమే బీటలువారినచో వెంటనే సామాను దింపి వడ్రంగిని పిలువవలెను.

ఇక్కడ రెండు సంగతులు గమనించుడి. కిర్రుమను ప్రతి బల్లయు విరుగబోవు బల్ల కాదు. పెక్కింటిలో అది వట్టి రాపిడియే. అట్లే, చప్పుడు చేయని ప్రతి బల్లయు మంచి బల్ల కాదు. చెదలు లోపల తినివేసిన బల్ల ముందుగా ఏమియు చెప్పకయే విరిగిపోవచ్చును. చప్పుడును బట్టి గాని నిశ్శబ్దమును బట్టి గాని తీర్పు చెప్పరాదు. క్రిందికి వెళ్లి చూడవలెను.

ఇప్పుడు మన కుటుంబములను చూతము. కోడలు ఒక మాట అన్నది. "నీవు ఊరకుండుము" అంటిమి. ముసలి తండ్రి తన మందుల సంగతి రెండుమారులు అడిగెను, మూడవమారు కసరితిమి. కూలివాడు బాకీ కూలి అడిగెను. నలుగురిలో వానిని చిన్నబుచ్చితిమి. సంఘములో ఒకడు లెక్క చూపుమనెను. వానికి గర్వి అని పేరు పెట్టితిమి. అందరును ఊరకుండిరి. "ఇప్పుడు మాకు సమాధానము కలిగినది" అని చెప్పుకొనుచున్నాము. అది సమాధానమా, లేక గోనెపట్టయా?

భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇత్తురు. ఆ హెచ్చరిక విని నదిమీద కోపము తెచ్చుకొని, కొలతగుర్తులను చెరిపివేయువాడు మనలో ఎవడైన కలడా? గుర్తులు చెరిపినంతమాత్రమున నీరు అంగుళమైనను తగ్గదు. హేరోదు చేసినది ఇట్టి పనియే. తన తప్పును ఎత్తి చెప్పిన యోహానును చెరలో వేయించెను, తుదకు చంపించెను. నోరు మూతపడెను గాని, తప్పు అతని ఇంటిలోనే నిలిచెను.

"ఎప్పుడును సణుగువారుందురు గదా, ప్రతివారి మాటయు నిజమగునా?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ప్రతి మాటయు నిజము కాదు. చాలవరకు వట్టి రాపిడియే కావచ్చును. అయినను అది వట్టి రాపిడియని తెలియుట ఎట్లు? దీపము పట్టుకొని చూచినవానికే తెలియును. చూడక మునుపే నోరు మూయించినవాడు దూలమెట్లున్నదో ఎరుగకయే దానిక్రింద నిద్రించుచున్నాడు. చూచిన తరువాతనైనను తప్పును మెల్లగానే సరిచేయవలెను. ఒక్క బల్లకై పెద్దసుత్తి ఎత్తి ఇంటినంతయు అదరగొట్టుట మరమ్మతు కాదు.

ఈ ఏడు తొలకరికి ముందు అటక ఒకమారు చూచుకొనుడి. ఆ వారములోనే మీ ఇంటిలో ఎవరు కొంతకాలముగా మాటాడుట మానివేసిరో జ్ఞాపకము చేసికొనుడి. వారియొద్ద కూర్చుండి, "ఆనాడు నీవేదో చెప్పబోతివి, చెప్పుము" అని అడుగుడి. వారు చెప్పుచుండగా నడుమ మాటాడకుడి.