బొంతకు అందం ఎవరి కోసం?

తెలుగులో బొంతకు మర్యాద తక్కువ. పొసగని పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే ‘అతుకుల బొంత’ అంటారు. ఒక జంటను ఎగతాళి చేయాలంటే ‘గంతకు తగ్గ బొంత’ అంటారు. చలిలో పిల్లల్ని కాపాడే వస్తువు పేరు వెక్కిరింత ఎట్లా అయిందని మేము చాలాసార్లు అనుకున్నాం. ఆ మాటలు పుట్టించినవాళ్లకు బొంత కప్పుకునే అవసరం రాలేదు కాబోలు.

మాది నెల్లూరు తీరం. బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ ఇసుక నేల మీద ఉన్న యానాది కాలనీ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫాన్లు. ఆ తరువాత మంచు, తేమ గాలి. రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పోయే కుటుంబం మూటలో గిన్నెలు, వల, బొంత ఉంటాయి. పరిస్తే అదే పరుపు, కప్పితే అదే దుప్పటి, గుడిసె వాకిట కడితే అదే తలుపు.

మా కాలనీలో ఒక అమ్మాయి పదో తరగతి అయ్యాక హాస్టలుకు పోవాల్సి వచ్చింది. వాళ్ల అవ్వ నెల రోజులు కూర్చుని ఆమె కోసం బొంత కుట్టింది. పూల నైలాన్ చీర, నాయన గళ్ల లుంగీ, అన్న స్కూలు చొక్కా, పెద్దమ్మ చుక్కల జాకెట్టు, అన్నీ పక్కపక్కనే చేరాయి. చూపు ఎక్కడా నిలవదు. అమ్మాయి చూసి, “నాకొద్దవ్వా. అందరూ నవ్వుతారు. అంగట్లో దుప్పటి కొనియ్యి” అంది. అవ్వకు కోపం వచ్చింది. “నవ్వేటోళ్లు వచ్చి నీకు చలి కాస్తారామే?” అంది. ఆ రోజంతా ఇద్దరికీ మాటల్లేవు.

ఎవరిది తప్పు? మాలో కొందరం అవ్వ పక్షం. బొంత వెచ్చదనానికి, అందం ఉన్నవాళ్ల సోకు అన్నాం. మాట తేలిగ్గానే వచ్చింది కానీ నిజంగా తోచలేదు. పేదవాడికి వెచ్చదనం చాలు, అందం ఎందుకని పైవాళ్లు మన గురించి అనే మాటే అది. మన నోట వచ్చినంత మాత్రాన మంచిదైపోదు. అవ్వ మాత్రం కంటికి నచ్చకుండా కుట్టిందా? ఎర్ర ముక్క పక్కన ఆకుపచ్చ ముక్కను ఆమే ఏరి పెట్టింది. అందం కోరడం తప్పు కాదు. అది ఎవరి కంటికి భయపడి కోరుతున్నామో చూసుకోవాలి.

మరునాడు ఇద్దర్నీ కూర్చోబెట్టి కుట్లు విప్పాం. చెట్టు నీడన ముక్కలన్నీ పరిచి, పది అడుగులు వెనక్కి నిలబడి, కళ్లు సగం మూసి చూశాం. అట్లా చూస్తే పూలు, గళ్లు మాయమై లేత, ముదురు మాత్రమే మిగులుతాయి. తప్పు అక్కడే కనిపించింది. ముదురు ముక్కలన్నీ ఒక పక్కకు చేరి, లేతవి వాటి మధ్య చిక్కుకుపోయాయి. వాటిని మార్చి మార్చి పెట్టాం. పెద్ద పూల ముక్కల నడుమ పాత పంచె చించి సాదా పట్టీలు వేశాం. కంటికి కూడా కూర్చోవడానికి అరుగు కావాలి. ఎరుపును నాలుగు మూలలకూ పంచాం. చుట్టూ ఒకే రంగు అంచు వేయాలనుకున్నాం. అంచుకు కొత్త నూలు గుడ్డ కొంటే ముందు నానబెట్టి ఆరేయాలి. లేకుంటే మొదటి ఉతుకులోనే అది కుదించుకుని బొంతంతా ముడతలు పడుతుంది. పాతవాటితో కలవాలంటే కొత్తది ముందు నీళ్లు తాగాలి. చివరికి ఒకే దారంతో, వేలెడు ఎడంతో వరసగా కుట్టు. ఎన్ని రంగులున్నా ఆ కుట్టు వాటిని ఒక ఇంటివాళ్లను చేస్తుంది.

ఇంత చేస్తుండగా అమ్మాయి మెల్లగా లుంగీ ముక్క తీసి పక్కన పెట్టింది. ఆ గళ్లు మిగతావాటితో కలవట్లేదంది. నిజమే, కలవట్లేదు. కానీ ఆ ముక్కను చూస్తే నాయన కాలువలో చేపలు పట్టేవాడని తెలిసిపోతుందని కూడా ఆమె భయం. అవ్వ ఏమీ అనలేదు. మాకు అసలు ప్రశ్న అక్కడ తగిలింది. ముక్కల చోటు మార్చడం బాగుచేయడం. ముక్కను దాచేయడం బాగుచేయడం కాదు. బొంత పూర్తయ్యాక అవ్వ చెయ్యి పెట్టి ఏది ఎవరిదో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది ఎంత అందంగా ఉన్నా వేరేవాళ్ల బొంతే.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరుంది. బానిసలుగా బతికినవాళ్ల సంతతి నల్లజాతి స్త్రీలు అక్కడ పొలం పనిలో చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో బొంతలు కుట్టుకున్నారు. ఆ ప్రాంతంలో 1966లో వాళ్ల సహకార సంఘం ఏర్పడింది. పెద్ద దుకాణాల ఆర్డర్లు వచ్చాయి, చేతికి డబ్బు వచ్చింది. కానీ ఆ పని ఒకే కొలతలో, ఒకే నమూనాలో చేయాలి. సంఘం పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కల్ని ఇళ్లకు తెచ్చుకుని మళ్లీ తమకు నచ్చినట్టు కుట్టుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాళ్ల బొంతల్ని గోడలకు వేలాడదీసి చూపించారు. 2006లో అమెరికా తపాలా బిళ్లల మీద ముద్రించారు. అప్పటికి బొంతలు మారలేదు, చూసేవాళ్ల కళ్లు మారాయి. మనం మాత్రం మ్యూజియం వచ్చి మెచ్చుకునేదాకా ఆగనక్కరలేదు.

మన దగ్గరే, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు పాత చీరలతో కుట్టే బొంతను కవంది అంటారు. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ పోతారు. నాలుగు మూలల్లో మడిచిన చిన్న ముక్కలు పెడతారు. ఆ మూల ముక్కలతో చలి తగ్గదు. అయినా అవి లేకుండా బొంత ముగిసినట్టు కాదు. అందం సోకు కాదని చెప్పడానికి అవి చాలు.

టీచర్లకు మా మనవి ఒకటి. తరగతిలో ఒక రోజు పిల్లల్ని ఇంటి బొంత తెమ్మనండి. బాగుందా లేదా అని అడగకండి. ఏ ముక్క ఎవరిది అని అడగండి. ఆ తరువాతే రంగుల గురించి మాట్లాడండి. యువతకు మా మాట: మీ ఇంటి బొంత గజిబిజిగా ఉంటే విప్పి మళ్లీ కుట్టండి, తప్పు లేదు. అయితే అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని కుట్టండి.

ఆ లుంగీ ముక్క చివరికి ఎక్కడ పెట్టామో చెప్పాలి. చుట్టూ నాలుగు పంచె పట్టీలు వేసి నడిమధ్యన పెట్టాం. గళ్ల చుట్టూ ఎడం దొరికేసరికి అవే చక్కగా కనిపించాయి. అక్కడ పెట్టమన్నది ఆ అమ్మాయే.