పాట నేర్పుట ఎవరి పని?

దేవుడు హృదయమునే చూచును గాని గొంతును చూడడని మన పెద్దలు చెప్పుట కద్దు. మాట నిజమే. అయితే పిల్లలకు నేర్పు శ్రమను తప్పించుకొనుటకు ఇది సాకుగా మారలేదు గదా?

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. కీర్తనల పైన రాగము, తాళము అచ్చువేసి యుండును. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలగువారు కర్ణాటక రాగములలో కూర్చిన పాటలవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపట్ల పల్లెలలో ఆ రెండు మాటలు చదివి, చేతితో తాళము వేసి చూపగల యౌవనస్థు లెందరు? ఇప్పుడు కీబోర్డు మీట నొక్కిన తాళము దానంతటదే మ్రోగును. అది ఎన్నడును తప్పదు, ఎవరికిని నేర్పదు.

మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయములో ఆసాపు, హేమాను, యెదూతూను కుమారులు తండ్రుల చేతిక్రింద సితారాలు, స్వరమండలములు, తాళములు వాయించిరి. ప్రవీణుల లెక్క 288. పన్నెండుగురి చొప్పున 24 వంతులు. పిన్న పెద్ద, గురువు శిష్యుడు అను భేదము లేక అందరును చీట్లు వేసికొనిరి. గమనింపుడి, శిష్యుడు ఇంకను నేర్చుకొనుచున్నవాడే. అయినను వానికి వంతు దొరకెను. మనమో, మంచి గొంతుగల ఒక్కని ముందు నిలిపి తక్కిన పిల్లలను చప్పట్లకు విడిచిపెట్టుదుము.

వరమున్నవాడు ఎట్లయినను పైకి వచ్చునందురా? 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. విద్యార్థిగా చేరబోయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని అక్కడ వయొలిన్ ఆచార్యునిగానే నియమించిరి. అట్టివాడు వేయికొకడు. ఆయనకైనను పోయి తట్టుటకు ఒక తలుపుండెను గదా! 1975లో వెనిజులా దేశమున అబ్రేయు అను సంగీతజ్ఞుడు బాలుర వాద్యబృందమును ప్రారంభించెను. తరువాత పేదల పిల్లలనేకులు అందు చేరిరి. నేర్చుట ముగిసిన పిమ్మట గాక, తొలినాళ్లనుండియే పిల్లవానిని బృందములో కూర్చుండబెట్టుట ఆ పద్ధతి.

బీడీలు చుట్టు ఇంట, మరమగ్గపు ఇంట, తండ్రి గల్ఫుకు పోయిన ఇంట వయొలిన్ ఎందుకని అడుగువారున్నారు. అడుగదగిన ప్రశ్నయే. ఆకలిగొన్న బిడ్డకు ముందు అన్నమే పెట్టవలెను. కాని పేదవానికి అన్నము తప్ప మరేమియు బాకీ లేమనుట న్యాయమా? బృందములో వాయించువాడు తన వంతు వచ్చువరకు ఊరకుండి లెక్క పెట్టుకొనవలెను, ప్రక్కవాని శ్రుతి వినవలెను. ఈ ఓర్పు మన సంఘ కూటములలో పెద్దలకే కరువు.

గురువు లేడందురేమో. మీ ఊరి భజన మండలిలో తాళజ్ఞానముగల ముసలాయన ఉన్నచో ఆయనను అడుగుడి. అన్యమతస్థుడని సందేహించువారు తాము ప్రతి ఆదివారము పాడు మోహనరాగము ఎవరి ఇంటినుండి వచ్చినదో విచారింతురు గాక. ఇక నెలకు ఆయన కీయవలసిన దక్షిణను సంఘపు లెక్కలలో ఏ పద్దు క్రింద వ్రాయవలెనో కమిటీవారు తేల్చుకొనవలెను.